తిథి తెలియని మరణాలు: కాంచనబురి కొండల్లో ఒక తెల్లవారుజాము

బ్యాంకాక్ వెళ్ళొచ్చామంటే మన ఇరుగుపొరుగువాళ్ళు మొదట అడిగేది "ఏం కొనుక్కొచ్చారు?" అని. రెండోది బంగారు బుద్ధుడి గురించి. మూడో ప్రశ్న వుండదు. అందుకని ఆ మూడో సంగతి నేనే చెబుతున్నాను.

బ్యాంకాక్‌కి పడమరగా 130 కిలోమీటర్ల దూరంలో కాంచనబురి అనే వూరుంది. పేరు వింటే మనదేననిపిస్తుంది కదండీ! అవును, మన 'కాంచనపురి' అనే మాటే వాళ్ళ నోట అలా అయింది. అక్కడినుంచి కొండల్లోకి మరో 80 కిలోమీటర్లు వెళితే, అడవి మధ్యలో ఒక మ్యూజియం వుంది. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్ళు వేయించిన రైలు మార్గం గురించిన మ్యూజియం అది. దాని కిందుగా, కొండని నిలువునా చీల్చి తీసిన రైలు దారిలో ప్రతి ఏడాదీ ఏప్రిల్ 25న, ఇంకా చీకటి విడకముందే, ఆ మార్గం మీద ప్రాణాలొదిలిన వాళ్ళని తలుచుకుంటారు. 2024లో ఆ తెల్లవారుజామున నేనక్కడ వున్నాను.

మా ఆడపడుచు భర్తకి బ్యాంకాక్‌లో ఉద్యోగం. వాళ్ళ పక్క ఫ్లాట్‌లో వుండే ఆస్ట్రేలియా ఆవిడ తాతగారి తమ్ముడు ఈ రైలు దారి మీదే పోయాడట. ఆవిడ ప్రతి ఏడూ వెళుతుంది. "మీరూ రండి, ఎవరైనా రావచ్చు, టిక్కెట్టేమీ లేదు" అంది. సెలవులకని వెళ్ళినదాన్ని, చావుల జ్ఞాపకాల దగ్గరికి ఎందుకులే అని మొదట కాస్త వెనకాడాను. మా ఆడపడుచు మాత్రం "వదినా, కొనుక్కోవడానికి ఇంకేం మిగిలిందని? పద" అంది.

ముందు ఆ రైలు కథ చెప్పాలి. లేకపోతే తక్కినదేదీ మీకు అర్థం కాదు.

1942కి జపాను సైన్యం మలయా, సింగపూరు, బర్మా పట్టుకుంది. బర్మాలో వున్న తన సైన్యానికి తిండీ తుపాకులూ పంపాలంటే సముద్రం మీద శత్రువుల జలాంతర్గాముల భయం. అందుకని థాయిలాండ్‌లో బాన్ పాంగ్ దగ్గరినుంచి బర్మాలో థన్‌బ్యూజయాత్ దాకా, కొండలూ అడవులూ చీల్చుకుంటూ 415 కిలోమీటర్ల రైలు మార్గం వెయ్యాలనుకుంది. 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా రెండు కొసలూ కలిపేశారు. యంత్రాలు దాదాపు లేవు. గడ్డపార, పార, బుట్ట, సమ్మెట, డైనమైటు, మనిషి వెన్నెముక... ఇంతే!

పట్టుబడిన బ్రిటిష్, డచ్చి, ఆస్ట్రేలియా, అమెరికా సైనికులు 60 వేలమందికి పైగా ఈ పనిలో పడ్డారు. వాళ్ళలో 12 వేలకు పైగా చనిపోయారు. ఇది అందరూ చెప్పే లెక్క. వాళ్ళతోబాటు ఆసియా కూలీలు 2 లక్షలమందికి పైగా పనిచేశారు. బర్మావాళ్ళు, జావావాళ్ళు, మలయావాళ్ళు, చైనావాళ్ళు, మలయా రబ్బరు తోటల్లోని మన భారతీయులు. వాళ్ళలో పోయినవాళ్ళు 90 వేలమంది వుంటారని ఒక అంచనా. చూడండి, సైనికులకయితే లెక్క, వీళ్ళకయితే అంచనా! మలయానుంచి వచ్చినవాళ్ళే 70 వేలకు పైగా. అందులో ఎక్కువమంది తమిళులు. వాళ్ళలో కలిసిపోయి మన తెలుగువాళ్ళూ వున్నారు.

తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి పొట్ట చేతపట్టుకుని రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ ఓడలెక్కిన కుటుంబాలు ఎన్నో. పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుందంటారు. ఆ తోటల్లోంచి, "మూడు నెలల పని, రోజుకో డాలరు కూలి" అని ఆశచూపి కొందర్నీ, లారీల్లో బలవంతాన ఎక్కించి కొందర్నీ తీసుకుపోయారు. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, హాలు తలుపులు మూసి పట్టుకుపోయిన సంగతులు కూడా వున్నాయి. పెళ్ళాం పిల్లలతో సహా వెళ్ళినవాళ్ళూ వున్నారు.

సరే, ఇక ఆ వేకువ సంగతి.

చీకట్లో తెలియని చోట తడుముకోకుండా వుండాలని రెండు రోజుల ముందే పగటిపూట వెళ్ళి మ్యూజియం చూసొచ్చాం. దాన్ని ఆస్ట్రేలియా ప్రభుత్వం నడుపుతోంది. 1998లో తెరిచారు, 2018లో బాగుచేసి కొత్తగా అమర్చారు. ప్రవేశం ఉచితం. చెవులకి పెట్టుకునే యంత్రం కూడా ఉచితంగానే ఇస్తారు. నడుస్తూ వుంటే ఏ చోట ఏం జరిగిందో అది చెబుతుంది. ఈ చోటంతా అడవిలో కలిసిపోయి వుంటే, ఇక్కడ ఖైదీగా పనిచేసి బతికి బయటపడిన టామ్ మోరిస్ అనే ఆస్ట్రేలియా ఆయన 1980లలో తిరిగి వచ్చి వెతికి పట్టుకుని, దీన్ని కాపాడాలని తమ ప్రభుత్వం వెంటపడ్డాడట. ఒక్క మనిషి పట్టుదల!

ఆ కొండ చీలికని థాయివాళ్ళు 'చోంగ్ ఖావో ఖాత్' అంటారు. తెగిన కొండ దారి అన్నమాట. ఖైదీలు పెట్టిన పేరు హెల్‌ఫైర్ పాస్, అంటే నరకాగ్ని కనుమ. రాత్రుళ్ళు వెదురు మంటలూ నూనె దీపాలూ వెలిగించి పనిచేయించేవారు. పైనుంచి చూస్తే ఆ మంటల వెలుగులో ఎముకలగూళ్ళు సమ్మెటలెత్తి దించుతున్నట్టు కనిపించేదట. అందుకే ఆ పేరు. రాయి మీద పని 1943 ఏప్రిల్ 25న మొదలయింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వాళ్ళకి ఆ రోజు ముందునుంచే ముఖ్యమైనది. 1915లో అదే తేదీన టర్కీలోని గలిపొలి తీరంలో వాళ్ళ సైనికులు దిగి వేలాదిగా చనిపోయారు. ఆ రోజుని ఆంజాక్ డే అంటారు. మన పెద్దల దినం లాంటిదనుకోండి, కాకపోతే దేశమంతటికీ ఒక్కటే.

మేము కాంచనబురిలో బస చేసి, తెల్లవారుజామున మూడింటికే వ్యాన్‌లో బయల్దేరాం. మ్యూజియం దగ్గర దిగేసరికి నాలుగున్నర. అప్పటికే జనం. వందలమంది! ఎక్కువగా తెల్లవాళ్ళు, కొందరు థాయి సైనికులు, బడిపిల్లలు. మూడేళ్ళ పాపని భుజానెత్తుకుని వచ్చిన నాన్న కూడా వున్నాడు. చాలామంది కోట్ల మీద పతకాలు. ఎడమవైపున పెట్టుకుంటే సొంతవి, కుడివైపున అయితే పెద్దలవి, అని పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది. ఆవిడ కుడివైపు రెండున్నాయి. వాటి పక్కన ఒక చిన్న ఆకుల రెమ్మ. వాసన చూస్తే కర్పూరంలా ఘాటుగా వుంది. రోజ్‌మేరీ అంటారు. గలిపొలి కొండల్లో దానంతట అదే పెరుగుతుందట.

మెట్లు దిగాలి. దారి పొడవునా చిన్న దీపాలు పెట్టారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇంతమంది నడుస్తుంటే చెప్పుల చప్పుడు, కీచురాళ్ళ రొద, అంతే. కొండ చీలికలోకి వచ్చేసరికి రెండువైపులా రాతిగోడ. లోతైన చోట 25 మీటర్లు వుంటుంది, అంటే ఏడెనిమిది అంతస్తుల మేడంత. పైన ఆకాశం ఒక సన్నటి పట్టీలాగా కనిపించింది. గోడకి చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. పగలు చూసినప్పుడు ఆ గోడల్లో నిలువు గాడులు కనిపించాయి. ఒకడు పొడుగాటి ఉక్కు కడ్డీని పట్టుకుంటే ఇంకొకడు సమ్మెటతో కొడుతూ, దెబ్బ దెబ్బకీ కాస్త తిప్పుతూ రాతికి కన్నాలు పెట్టేవారు. ఆ కన్నాల్లో డైనమైటు కూరి పేల్చేవారు. ముక్కలు బుట్టలతో మోసి పారబోసేవారు. ఒక చోట విరిగిన కడ్డీ ముక్క రాతిలోనే ఇరుక్కుని మిగిలిపోయింది. ఎనభై ఏళ్ళయింది, అలాగే వుంది.

అయిదున్నరకి కార్యక్రమం మొదలయింది. బ్యాంకాక్‌లోని ఆస్ట్రేలియా రాయబార కార్యాలయం దీన్ని ఏర్పాటు చేస్తుంది. ప్రార్థన, రెండు మూడు చిన్న ప్రసంగాలు, ఒక పాట. మన సభల్లాగా వేదిక మీద పదిమందికి దండలు వెయ్యడం, ఒక్కొక్కరూ అరగంట మైకు పట్టుకోవడం ఏమీ లేదు. (నిజం చెప్పొద్దూ, నాకది బాగా నచ్చింది.) ఆసియా కూలీల మాట కూడా ప్రసంగంలో వచ్చింది. ఒకటి రెండు వాక్యాలు. తరువాత బ్యూగిల్ వూదారు. ఆ రాతిగోడల మధ్య ఆ స్వరం ఎటునుంచి వస్తోందో తెలియలేదు. ఆపైన మౌనం. చంటిపిల్ల కూడా ఏడవలేదు. ఎక్కడో ఒక బల్లి, అక్కడి పెద్ద బల్లి, పేరు పెట్టి పిలిచినట్టు గట్టిగా అరిచి ఊరుకుంది. మళ్ళీ బ్యూగిల్. అప్పుడు చూస్తే పైన ఆకాశం పట్టీ నీలంగా మారింది. పక్కవాళ్ళ ముఖాలు కనబడసాగాయి.

పూలచక్రాలు పెట్టాక పైకొచ్చి కాఫీలు తాగాం. కాఫీలో మగవాళ్ళు కాస్త రమ్ము కలుపుకుంటారు, అదీ ఆ రోజు ఆచారమే. మాకు వట్టి కాఫీ, దాంతో ఆంజాక్ బిస్కట్లు. గుడ్డు వెయ్యరు కనుక మనలాంటివాళ్ళు నిక్షేపంగా తినొచ్చు. యుద్ధకాలంలో గుడ్లు కరువు, పైగా గుడ్డు లేకపోతే ఎక్కువ రోజులు నిలవుంటాయి. పక్క ఫ్లాట్ ఆవిడ దగ్గర కొలతలు రాసుకున్నాను. ఓట్స్ ఒక కప్పు, మైదా ఒక కప్పు, పంచదార ముప్పావు కప్పు, ఎండుకొబ్బరి కోరు ముప్పావు కప్పు, వెన్న 125 గ్రాములు, గోల్డెన్ సిరప్ రెండు పెద్ద చెంచాలు, వంటసోడా అర చెంచా. వెన్న, సిరప్ కలిపి కరగబెట్టి, సోడాని ఒక పెద్ద చెంచాడు మరిగే నీళ్ళలో కలిపి అందులో పొయ్యాలి. బుసబుసా పొంగుతుంది. దాన్ని పొడి సరుకులో కలిపి, చిన్న ఉండలు చేసి, అదిమి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిముషాలు. సిరప్ దొరక్కపోతే లేతగా పట్టిన బెల్లం పాకం వేశాను, ఇంకా కమ్మగా వచ్చాయి. ఆస్ట్రేలియాలో వీటిని తమ ఇష్టం వచ్చినట్టు మార్చి ఆ పేరుతో అమ్మకూడదట, చట్టమే వుందట. వంటకానికి చట్టం!

బిస్కట్లు తింటూ మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటుంటే, వెనకనుంచి ఒకావిడ "మీది ఏ ఊరమ్మా? ఆంధ్రానుంచి వచ్చినారా?" అని పలకరించింది. డెబ్బై దాటిన మనిషి. ముదురాకుపచ్చ చీర, కాళ్ళకి బూట్లు, నుదుట రూపాయంత బొట్టు. మలేషియా, పేరాక్ నుంచి వచ్చిందట. ఆవిడ తెలుగులో మా అమ్మమ్మ కాలం నాటి మాటలున్నాయి.

"నువ్వెందుకొచ్చినావమ్మా, మీవోళ్ళెవరైనా పోయినారా?" అని అడిగింది. మావాళ్ళెవరూ లేరు పెద్దమ్మగారూ, ఊరికే చూద్దామని, అన్నాను. "మా తాత పోయినాడు. అమ్మ నాన్న. సయాము పోయినాడు" అంది.

తోటల్లో అలాగే అంటారట, 'సయాము పోయినాడు' అని. ఫలానా చోట చనిపోయాడని కాదు, సయాము వెళ్ళాడని. ఆ తాత పలాస దగ్గర ఏదో పల్లెనుంచి పద్దెనిమిదేళ్ళకి ఓడెక్కి రబ్బరు తోటకి చేరినవాడు. 1943లో లారీ వచ్చినప్పుడు ఇంట్లో పెళ్ళాం, మూడేళ్ళ కూతురు, పాలు తాగే కొడుకు. మూడు నెలలన్నారు. యుద్ధం అయిపోయాక ఆ తోటనుంచి వెళ్ళినవాళ్ళలో కొద్దిమందే, కాళ్ళనిండా పుండ్లతో తిరిగొచ్చారు. ఒకతను "కలరా పాకలో చూశాను" అన్నాడు. ఇంకొకతను "కాదు, బర్మా వైపు దాటించారు" అన్నాడు.

"అమ్మమ్మ ఆ రెండోవోడి మాటే పట్టుకుంది తల్లీ. బొట్టు తియ్యలేదు. చచ్చిందాకా తియ్యలేదు. తద్దినం పెడతామంటే కర్ర పుచ్చుకునేది."

అమ్మమ్మ పోయాక అమ్మ పెట్టించడం మొదలుపెట్టిందట. కానీ ఏ రోజున? పోయిన తిథి తెలిస్తే కదా! మనలో తిథి తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య నాడు పెడతాం. వాళ్ళూ అలాగే చేస్తున్నారు. "అది అందరికీ పెట్టే రోజు. మా తాతకంటూ ఒక్క రోజు లేదు. అందుకని ఈ తెల్లోళ్ళ రోజున వస్తన్నాను" అందావిడ, చాలా మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు.

నేను ఏమనాలో తెలియక బిస్కట్ల డబ్బా ముందుకు తోశాను. ఒకటి తీసుకుని, "కొబ్బరి ఏసినారే" అంది.

మ్యూజియంలో చూసిందంతా ఆ మాటలు విన్నాకే నాకు సరిగ్గా అర్థమయింది. అక్కడ ఒక సంగతి మనలాంటి ఇల్లాళ్ళకి వెంటనే తగులుతుంది. సైనికులూ కూలీలూ ఒకే వాన కింద, ఒకే నది పక్కన పనిచేశారు. 1943 వర్షాలతో కలరా వచ్చింది. మరి కూలీలలో అంత ఎక్కువమంది ఎందుకు చనిపోయారు? సైనికుల్లో అధికారులున్నారు, డాక్టర్లున్నారు. నీళ్ళు మరిగించనిదే తాగొద్దన్నారు. అన్నం పెట్టించుకునేముందు గిన్నెని సలసల కాగే నీళ్ళలో ముంచి తియ్యాల్సిందే అన్నారు. దూరంగా మరుగుదొడ్లు తవ్వించారు. అంత నీరసంలోనూ ఒకరిచేత ఒకరు చేయించారు. డన్‌లప్ అనే డాక్టరు పేరు అక్కడ ప్రతివాళ్ళూ చెబుతారు. ఆయన 1993లో పోతే, 1994 ఏప్రిల్ 25న చితాభస్మం ఇక్కడికి తెచ్చి కొంత ఈ కనుమ దగ్గరా, కొంత నదిలోనూ కలిపారు. ఆయనలాంటి డాక్టర్లు నీళ్ళు కాచి ఉప్పు కలిపి, వెదురు గొట్టాలతో, స్టెతస్కోపు రబ్బరు ట్యూబులతో నరాలకెక్కించి కలరా రోగుల్ని బతికించుకున్నారు. పాలిష్ బియ్యం తిని కాళ్ళు వాచిపోయే బెరిబెరి జబ్బుకి మందేమిటో తెలుసా? తవుడు! మనం గేదెకి పెట్టే తవుడు దొరికితే మహాప్రసాదం. పురుగులున్న బియ్యం కూడా పురుగులతోనే వండుకున్నారు, వాటిలో కాస్త బలముందని. కాంచనబురిలో బూన్ పాంగ్ అనే థాయి వర్తకుడు కూరగాయల బుట్టల్లో మందులూ డబ్బూ దాచి పంపేవాడు. పట్టుబడితే ప్రాణం పోయేదే.

కూలీలకి ఇవేమీ లేవు. డాక్టరు లేడు, చెప్పేవాడు లేడు. పక్క పాకవాడి భాష తెలియదు. దాహమేస్తే ఎదురుగా వున్న నది నీళ్ళు తాగారు. అదే నదిలో పై ఊళ్ళ శవాలు కూడా వచ్చేవట. కట్టెపుల్లలు చుట్టూ అడవినిండా వున్నాయి. కాచుకు తాగమని చెప్పే ఒక్క మనిషి లేక వేలమంది పోయారు. చిన్నప్పుడు వాంతిభేదుల రోజుల్లో మా నాయనమ్మ కట్టెల పొయ్యి మీద బిందెడు నీళ్ళు మరిగించి, మూత పెట్టి, పిల్లలం ఎవరం ముట్టుకున్నా చేతి మీద ఒక్కటిచ్చేది. అక్కడ ఆవిడే గుర్తొచ్చింది.

పది గంటలయ్యేసరికి మేమంతా కాంచనబురి తిరిగొచ్చాం. వూళ్ళో యుద్ధ శ్మశానంలో ఇంకో కార్యక్రమం. శ్మశానమంటే మనం అనుకునేలా వుండదు. పచ్చటి గడ్డి, వరసకట్టిన చిన్న రాళ్ళు, రాయి రాయికీ ఒక పూలమొక్క. ఇక్కడ 6,982 మంది వున్నారు. ప్రతి పలక మీదా పేరు, దళం, వయసు, పోయిన తేదీ. 22, 24, 21... అన్నీ ఇంతే వయసులు. తేదీ కింద ఇంటివాళ్ళు రాయించిన ఒకటి రెండు మాటలు. ఒక్కోటి చదువుతుంటే, ఎక్కడో వంటింటి బల్ల దగ్గర కూచుని ఇన్ని అక్షరాలకి మించకూడదని కొట్టేసి కొట్టేసి రాసిన తల్లి కనపడుతుంది. అమెరికావాళ్ళయితే తమవాళ్ళని ఇక్కడ వుంచలేదు, స్వదేశానికే తీసుకుపోయారు.

ప్రవేశద్వారం దగ్గరి గోడ మీద అవిభక్త భారత సైన్యంలోని 11 మంది పేర్లున్నాయి. థాయిలాండ్ ముస్లిం శ్మశానాల్లో పూడ్చిన వాళ్ళ సమాధులు నిలబెట్టలేకపోయినందుకు పేర్లు ఇక్కడ చెక్కించారు. సమాధి పోయినా పేరు పోలేదు. పక్కనే 2003లో తెరిచిన థాయిలాండ్-బర్మా రైల్వే సెంటర్ అనే ఇంకో మ్యూజియం వుంది. రాడ్ బీటీ అనే ఆస్ట్రేలియా ఆయన ఏళ్ళ తరబడి ఆ అడవి దారంతా నడిచి, కూడబెట్టిన సమాచారంతో పెట్టింది. ఖైదీల కుటుంబాలవాళ్ళు వచ్చి పేరు చెబితే, ఏ శిబిరంలో వున్నాడు, ఎప్పుడు పోయాడు, ఎక్కడ వున్నాడు వెతికి చూపిస్తారు. పక్క ఫ్లాట్ ఆవిడకి అలాగే తన చిన్నతాత పలక దొరికింది. ఆ రాయి మీద తన కోటుకున్న రోజ్‌మేరీ రెమ్మ తీసి పెట్టింది. మలేషియా పెద్దమ్మగారు పక్కన నిలబడి, ఆ రాయి మీద తేదీని వేలితో తడిమింది. 1943, జూలై. అంతవరకూ ఒక్క కన్నీటిచుక్క రానిది, అక్కడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూలీల పేర్ల పుస్తకమేదీ లేదు. రాసినవాళ్ళు లేరు, అంతే.

"నాతో ఒక చోటికి రాండి, ఇక్కడే" అని పెద్దమ్మగారే మమ్మల్ని నడిపించింది. శ్మశానానికి ఆనుకున్నట్టే వాట్ థావోర్న్ అనే బౌద్ధ ఆలయం వుంది. దాని ఆవరణలో ఒక స్తూపం. యుద్ధం తరువాత గోతుల్లో దొరికిన వేలమంది కూలీల ఎముకల్ని తెచ్చి అక్కడ వుంచారు. 1990లో కూడా ఈ వూరి చెరకు పొలంలో తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. చాలా ఏళ్ళు ఇక్కడికి వచ్చేవాళ్ళే లేరు. మలేషియాలో కూలీల వారసులు, ఇక్కడి తమిళ సంఘాలు పూనుకుని 2023లో ఈ ఆవరణలోనే ఒక రాయి నిలిపారు. తమిళులు నడుకల్ అంటారు, మనం వీరగల్లు అంటాం. మన పల్లెల పొలిమేరల్లో, ఊరి కోసం పోయినవాళ్ళకి నిలిపిన రాళ్ళు లేవూ, అలాంటిదే. అన్ని టూరిస్టు బస్సులు తిరిగే ఊళ్ళో, ఆ సమయంలో ఆ స్తూపం దగ్గర మేం ముగ్గురం, ఒక కుక్క.

పెద్దమ్మగారు సంచిలోంచి చిన్న నువ్వుల పొట్లం తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. "ఆడదాన్ని, తర్పణం ఒదలకూడదంటారు. మా తమ్ముడు రాలేదు. నీళ్ళు పొయ్యొచ్చు కదమ్మా?" అని నన్నే అడిగింది. శాస్త్రం నాకేం తెలుసు! పొయ్యండి పెద్దమ్మగారూ, అన్నాను. ప్లాస్టిక్ సీసా మూత తీస్తూ, "కాచిన నీళ్ళే తెచ్చినాను, హోటల్లో అడిగి" అంది. సగం సీసా ఆ స్తూపం మొదట్లో నెమ్మదిగా పోసింది. మిగిలిన సగం మాకు తాగమని ఇచ్చింది.

ఆవిడ ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. ఫోను నంబరు రాసిచ్చింది. మా ఆడపడుచు ఇప్పటికీ పండగలకి చేస్తూ వుంటుంది.

మర్నాడు మేము వంతెన చూశాం. 'క్వాయ్ నది వంతెన' అని 1957లో సినిమా వచ్చింది కదా, అదే వంతెన. సినిమా తీసింది ఇక్కడ కాదు, సిలోనులో. తమాషా ఏమిటంటే ఇక్కడి నది పేరు అప్పుడు మే క్లాంగ్. సినిమా చూసి జనం క్వాయ్ నది ఏదీ ఏదీ అని వస్తుంటే, 1960లలో ఆ పాయ పేరు క్వాయ్ యాయ్‌గా మార్చేశారు! గుండ్రటి వంపుల కమాన్లు పాతవి. మధ్యలో కోణాలుగా వున్న రెండూ, బాంబులకి కూలిపోయాక యుద్ధం తరువాత పెట్టినవి. జనం ఫోటోలు, ఐస్‌క్రీములు, వంతెన మీదనుంచి రైలొస్తే కేరింతలు. మాకెందుకో ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు. ఇదే దారి మీద 1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ దళాలూ, ఝాన్సీరాణి దళం ఆడపిల్లలూ బర్మాకి ప్రయాణం చేశారు. వాళ్ళలో మలయా తోటల పిల్లలూ వున్నారు. తండ్రులు వేసిన పట్టాల మీదే కూతుళ్ళు రైలెక్కి వెళ్ళుంటారా అనిపించింది.

ఆ మార్గంలో ఇప్పుడు నామ్ తోక్ దాకానే రైలు నడుస్తుంది. బ్యాంకాక్‌లో నదికి అవతలనున్న థోన్‌బురి స్టేషన్‌నుంచి పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి బండ్లున్నాయి. మేం వెళ్ళినప్పుడు విదేశీయులకి 100 బాట్లు టిక్కెట్టు. చెక్క బెంచీలు, తెరిచిన కిటికీలు. థామ్ క్రాసే దగ్గర కొండ అంచునే, నది మీదుగా, కర్ర దిమ్మెల వంతెన మీద రైలు నడకకన్నా నెమ్మదిగా పోతుంది. ఎడమవైపు కూచుంటే నది కనిపిస్తుంది.

ఏప్రిల్ 25కి వెళ్ళదలుచుకుంటే ముందు రాత్రికే కాంచనబురి చేరుకోండి. గదులు ముందే చెప్పి పెట్టుకోవాలి. మెట్లెక్కి దిగాలి కనుక మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, చేతిలో చిన్న టార్చి, దోమలకి ఏదైనా క్రీము. ఏప్రిల్లో అక్కడ ఎండ మన విజయవాడ ఎండే. వాట్ థావోర్న్ ఎక్కడని ఆటోవాడిని అడిగితే ముందు వంతెన దగ్గరికి తీసుకెళ్ళబోతాడు. యుద్ధ శ్మశానం దగ్గర దిగి నడవండి, అయిదు నిముషాలు కూడా పట్టదు. మంచినీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి.